పగటి చిమ్మటల పోటీ

హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజాలో డాబా మీద పోటీ అంటే ఎవరికైనా సంక్రాంతి పతంగులే గుర్తొస్తాయి. ఈ డాబాకీ ఆ డాబాకీ మధ్య నాలుగు గజాల సందు, పైన ఆకాశంలో మాత్రం పెద్ద యుద్ధం. మాంజా తెగ్గానే "అఫా!" అని కేక. తెగిన పతంగి ఎవరి వాకిట్లో పడిందోనని పిల్లల పరుగు. ఆ పోటీలో గెలవాలంటే ఎదుటివాడి దారం తెగాలి. వేరే దారి లేదు.

అదే డాబాల మీద, అదే సందుల్లో ఆడుకోగల మరో పోటీ గురించి ఈ అధ్యాయంలో చెబుతాను. ఇందులో ఎదుటివాడి దారం తెంపితే పాయింట్లు రావు, ఎదుటివాడు సంతకం పెడితేనే వస్తాయి. పోటీ పడేది పగటిపూట ఎగిరే చిమ్మటలను చూసి, పుస్తకంలో రాసిపెట్టడంలో.

ముందు మాట తేల్చుకుందాం. చిమ్మట అనగానే కొందరికి బీరువాలో పట్టుచీరకు చిల్లులు పెట్టే పురుగు గుర్తొస్తుంది. కొన్ని ఊళ్లలో రాత్రిళ్లు గీపెట్టే పురుగును కూడా చిమ్మటే అంటారు. పొలం పనివాళ్లు మన చిమ్మటను రెక్కల పురుగు అంటారు, వానాకాలం రాత్రి లైటు చుట్టూ మూగితే దీపం పురుగు అంటారు. పాతబస్తీ ఉర్దూలో అది పర్వానా: శమా, అంటే దీపం, చుట్టూ తిరిగి తిరిగి కాలిపోయే ప్రేమికుడు. గజళ్లలో వందల ఏళ్లుగా కాలుతూనే ఉన్నాడు. ఈ మాటలన్నిటిలో ఒకటే నమ్మకం ఉంది, చిమ్మట రాత్రి ప్రాణి అని. అది చాలావరకు నిజమే. కానీ దీపంతో పనే లేకుండా ఎండలో పూల మీద తిరిగే చిమ్మటలూ ఉన్నాయి. మన కుండీల దగ్గరికే వస్తాయి. వచ్చినప్పుడు మనం వాటిని తేనెటీగ అనో, కందిరీగ అనో, చిన్న సీతాకోకచిలుక అనో అనుకుని తల తిప్పుకుంటాం.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో పురుగుల గొడవేమిటని మీరు అడగవచ్చు. ఏకాగ్రత కోసం కళ్లు మూసుకుని కూర్చోమని చాలామంది చెప్పారు. అది అందరికీ కుదరదు, ముఖ్యంగా పన్నెండేళ్ల పిల్లలకూ డెబ్బై ఏళ్ల పెద్దలకూ. నాకు కుదిరింది కళ్లు తెరిచి చేసే సాధన. పావుగంట సేపు ఒక్క పూలకొమ్మను చూడటం, చూసింది చూసినట్టు రాయడం, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడం, రాసింది పక్కవాడి చేత సరిచూయించుకోవడం. ఈ నాలుగు అలవాట్లు ఆఫీసులోనైనా, చదువులోనైనా, సంసారంలోనైనా ఎంత పనికొస్తాయో పెరిగి పెద్దయినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వాటిని ఎవరూ ఉపన్యాసం విని నేర్చుకోలేదు. ఆటలో అయితే నేర్చుకుంటారు.

మన ఊరి కథే ఒకటి చెబుతాను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ పొట్టను కోసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. మలేరియా రోగి రక్తం తాగిన దోమ అది. దాని పొట్ట గోడలో నల్లని రంగు రేణువులున్న కణాలు కనిపించాయి. మలేరియా దోమల ద్వారా వస్తుందన్న సంగతికి అదే తొలి గట్టి ఆధారం, తర్వాత 1902లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది. నన్ను ఆకట్టుకునేది బహుమతి కాదు. ఆ దోమ ఏ జాతిదో ఆ రోజు రాస్‌కు తెలియదు. ఆయన కీటక శాస్త్రవేత్త కాడు. అందుకని గోధుమ రంగు దోమ అని, రెక్కల మీద మచ్చలున్నాయని గుర్తులు రాసుకున్నాడు. ఆ గుర్తుల వల్లనే అది అనాఫిలిస్ దోమ అని తర్వాత తేలింది. పేరు తోచక ఊరుకుని ఉన్నా, తోచిన పేరు పెట్టేసి ఉన్నా ఆ తర్వాతి పని అంతా తప్పుదారి పట్టేది. మన పోటీకి మొదటి నియమం ఇక్కడి నుంచే తీసుకున్నాను: పేరు తెలియకపోతే గుర్తులు రాయండి.

ఇక ఎక్కడ చూడాలి, ఏం చూడాలి.

లాల్‌దర్వాజాలో తోటలు లేవు, కుండీలున్నాయి. డాబా మీద పాత పెయింట్ డబ్బాల్లో తులసి, బంతి, కరివేపాకు. కొంచెం చోటున్న వాకిట్లో నూరువరహాలు, నందివర్ధనం, మందారం. గోడవారగా ఎవరూ నాటకుండానే వచ్చిన గడ్డిచేమంతి. ఎక్కడో ఓ మునగచెట్టు, ఓ జామచెట్టు. ఇవి చాలు. షాలిబండ నుంచి ఛత్రినాక దాకా ఏ సందులో నడిచినా ఇలాంటి కుండీలు కనిపిస్తాయి.

మొదట నూరువరహాల దగ్గర నిలబడండి. ఎర్రటి గుత్తుల ముందు గాలిలో ఆగి, ఎక్కడా వాలకుండా, పొడుగాటి తుండాన్ని ఒక్కో పువ్వులోకి దించుతూ ముందుకూ వెనక్కూ జరిగే ప్రాణి కనబడితే మీ అదృష్టం. చూసినవాళ్లు "హమ్మింగ్ బర్డ్ వచ్చింది" అంటారు. హమ్మింగ్ బర్డ్ మన దేశంలో లేదు, అది అమెరికా ఖండాల పిట్ట. మనకున్నది తేనెపిట్ట. మీరు చూసింది మాత్రం పిట్ట కాదు, హాక్ చిమ్మట. ఇందులో ఒక రకానికి రెక్కలు అద్దంలా ఉంటాయి, ఆవలి పక్క ఆకు కనబడుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని సెఫనోడిస్ హైలాస్ అంటారు. ఒళ్లంతా ఆకుపచ్చ, పసుపు కలిసిన నూగు, నడుముకు ఎర్రటి పట్టీ, తోక చివర విసనకర్రలా విప్పుకునే నల్లటి కుచ్చు. ఇది ప్యూపా నుంచి బయటికి వచ్చినప్పుడు రెక్కల మీద పొలుసులు ఉంటాయి, మొదటిసారి ఎగిరేటప్పుడు ఆ పొడి రాలిపోయి అద్దం బయటపడుతుంది. దీని గొంగళి పురుగు కాఫీ, గార్డెనియా కుటుంబపు మొక్కల ఆకులు తింటుంది. వెనక చివర ఒక కొమ్ము ఉంటుంది, అది కుట్టదు. నూరువరహాలదీ ఆ కుటుంబమే. కాబట్టి పువ్వు దగ్గర తల్లిని చూసినవాళ్లు ఆకుల కింద కూడా ఓసారి వంగి చూడాలి.

దాన్ని ఫోటో తీయడం కష్టం. ఒక్కో పువ్వు ముందు రెండు మూడు సెకన్లకు మించి ఉండదు. ఫోన్‌లో వీడియో తీయండి, తర్వాత ఆపి ఆపి చూసి మంచి బొమ్మను ఎంచుకోండి. దాని వెనక పరుగెత్తకండి. గుత్తి ముందే కదలకుండా నిలబడితే తిరిగి వస్తుంది.

రెండోది గడ్డిచేమంతి మీద. తెల్లటి రెక్కల మీద ఎర్రచుక్కలు, నల్లచుక్కలు చల్లినట్టున్న చిన్న ప్రాణి, బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది. లేపితే నాలుగడుగులు ఎగిరి మళ్లీ గడ్డిలో కూర్చుంటుంది. ఇది యూటెథీసా. దీని గొంగళి పురుగు జనుము జాతి మొక్కలను తింటుంది. ఆ మొక్కల్లోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలొచ్చాక కూడా ఆ విషం ఉంటుంది. పిట్ట ఒకసారి నోట పెట్టుకుంటే రెండోసారి ముట్టదు. పగలు నిర్భయంగా తిరగగలగడానికి కారణం అదే, ఎర్ర చుక్కలు హెచ్చరిక బోర్డు. అమెరికాలో దీని చుట్టం మీద కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ ఐస్నర్ చాలా ఏళ్లు పనిచేశాడు. మగది జతకట్టేటప్పుడు తన విషంలో కొంత ఆడదానికి ఇస్తుందని, ఆడది దాన్ని గుడ్లకు పూతగా చేర్చి చీమల నుంచీ ఇతర పురుగుల నుంచీ కాపాడుతుందని ఆయన బృందం చూపించింది. తండ్రి ఇచ్చే కట్నం గుడ్డుకు కవచం అవుతుందన్నమాట. ఇంత కథ ఉన్న ప్రాణి మన మోరీ పక్క గడ్డిలో కూర్చుని ఉంటుంది.

మూడోది కందిరీగ వేషం వేసేది. నల్లటి రెక్కల్లో కిటికీలు పెట్టినట్టు తెల్లటి పారదర్శక మచ్చలు, నల్లటి ఒంటికి పసుపు పట్టీలు. పిల్లలు భయపడి వెనక్కి జరుగుతారు. భయపెట్టడమే దాని ఎత్తు. కుట్టే ముల్లేమీ లేదు. నిదానంగా, బరువుగా ఎగురుతుంది, కందిరీగలా దూసుకుపోదు. దాన్ని పట్టిచ్చేది ఆ ఎగిరే తీరే. జతలు గంటల తరబడి ఒకదానికొకటి అంటుకుని ఆకు మీద ఉండిపోతాయి కాబట్టి కొత్తవాళ్లకు ఫోటోకు ఇంతకంటే సులువైనది లేదు.

నాలుగోది తోటకూర మొక్కల్లో. గోధుమ రంగు మీద తెల్లటి అడ్డపట్టీలు, చిన్నది. మొక్క కదిపితే లేచి పక్క ఆకు కిందికి చేరుతుంది. దీని పురుగే తోటకూర ఆకులను చుట్టి గూడు కట్టి తింటుంది. కూర ఏరేటప్పుడు మీ ఇంట్లో ఆడవాళ్లు దాన్ని వందసార్లు చూసి ఉంటారు. అందుకే ఈ పోటీలో వంటింటివాళ్లు లేని జట్టు ఓడిపోతుంది.

ఐదోదానికి పువ్వు కూడా అక్కర్లేదు. వానాకాలంలో పాత గోడల మీద పాచి పడుతుంది కదా, ఆ పాచిని మేసే గొంగళి పురుగులు ఉన్నాయి. వాటిలో నెపిటా అనే రకం గోడల మీద గుంపులుగా పాకుతుంది, రెక్కలొచ్చాక నారింజ రంగు మీద నల్ల గీతలతో అదే గోడ మీద కూర్చుంటుంది. పురుగు ఒంటి నిండా వెంట్రుకలు, తగిలితే దురద. మునగచెట్టు మొదలు మీద గుంపుగా ఉండే బొంత పురుగులూ అంతే. పిల్లలకు ముందే చెప్పాలి: వెంట్రుకలున్నదేదీ చేత్తో ముట్టుకోకూడదు.

సీతాకోకచిలుకకూ దీనికీ తేడా ఎలా? మీసాలు చూడండి. సీతాకోకచిలుక మీసం చివర గుండుసూది తలలా చిన్న గుండు ఉంటుంది. చిమ్మట మీసం దారంలానో, ఈకలానో, చివరకు సన్నబడిన కొక్కెంలానో ఉంటుంది. రెక్కలు మడిచే తీరు చూడమని కూడా చెబుతారు గానీ, పగటి చిమ్మటల విషయంలో ఆ గుర్తును అంతగా నమ్మకండి. ఫోటో తీసేటప్పుడు మీసాలు కనబడేలా ఒకటి, పైనుంచి రెక్కలు ఒకటి, పక్కనుంచి ఒకటి తీస్తే గుర్తించేవాడి పని సగం అయిపోయినట్టే.

ఇప్పుడు పోటీ. దీన్ని నేను ఒకసారి తప్పుగా పెట్టాను. మా సందులో మూడు ఇళ్ల పిల్లల్ని పోగేసి, "ఎవరికి ఎక్కువ రకాలు కనబడితే వాళ్లు గెలిచినట్టు" అన్నాను. రెండో రోజుకే ఒక అబ్బాయి అగ్గిపెట్టెలో చిమ్మటను పట్టుకొచ్చాడు. రెక్కల పొడి అంతా పెట్టెకు అంటుకుని ఉంది, ఏ రకమో ఇక ఎవరికీ తెలియదు. మూడో రోజు ఒకే హాక్ చిమ్మట కోసం ఇద్దరు పిల్లలు కొట్లాడుకున్నారు, వాళ్ల తల్లులు వారం మాట్లాడుకోలేదు. తప్పు పిల్లలది కాదు, నా నియమానిది. ఎక్కువ పోగేసినవాడిదే గెలుపు అని చెబితే పిల్లలు పోగేస్తారు. వాళ్లు ఏం చేయాలని మనం అనుకుంటున్నామో దానికే పాయింట్లు పెట్టాలి. పిల్లల్ని పెంచే తల్లిదండ్రులకూ, మనుషుల చేత పని చేయించేవాళ్లకూ ఇంతకంటే ముఖ్యమైన సంగతి నాకు తెలియదు.

ఆ తర్వాత మార్చిన పద్ధతి ఇది. ఒక్కో జట్టులో ఇద్దరు: ఒకరు చిన్నవాళ్లు, ఒకరు పెద్దవాళ్లు. తాతా మనవడైనా సరే, అత్తా మేనకోడలైనా సరే, పక్కింటి ఖాలా, ఎదురింటి పిల్లైనా సరే. ఒక రెండొందల పేజీల నోటుబుక్కు. ఒక్కసారి చూపు పావుగంట. ఈ పావుగంట నేను కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో 2010 నుంచి ఏటా ఎండాకాలంలో సీతాకోకచిలుకల పెద్ద లెక్క జరుగుతుంది. ఒక చోట నిలబడి పావుగంట చూసి రాయడమే పద్ధతి, ఆ జాబితాలో పగటి చిమ్మటలను కూడా చేర్చారు. అందరూ ఒకే నిడివి చూస్తేనే ఒకరి లెక్కను ఇంకొకరి లెక్కతో పోల్చవచ్చు.

ప్రతి నమోదులో తేదీ, సమయం, చోటు, ఏ మొక్క మీద, ఏం చేస్తోంది అనే ఐదు సంగతులుండాలి. ఒక్కోదానికి ఒక పాయింటు. సరైన పేరుకు ఇంకొకటి, అంతే. పేర్లన్నీ తెలిసినవాడు సమయం, చోటు రాయకపోతే, పేరొక్కటీ తెలియని పిల్ల అన్నీ రాస్తే, పిల్లే గెలవాలి. తెలియకపోతే "తెలియదు" అని రాసి గుర్తులు వేయాలి, దానికి కోత లేదు. తెలిసినట్టు తప్పు పేరు రాస్తే రెండు పాయింట్లు పోతాయి. పావుగంట నిలబడి ఏమీ కనబడకపోతే "ఏమీ కనబడలేదు" అని తేదీ, సమయం, చోటుతో రాసినవాళ్లకు ఒక పాయింటు. ఈ చివరి నియమం దగ్గర అందరూ నవ్వుతారు. కానీ చూసి, లేదని రాయడం కూడా చూపే. ఎప్పుడు లేవో తెలియకుండా ఎప్పుడు వస్తాయో తెలియదు.

అసలైనది సంతకం. మీ జట్టు పుస్తకాన్ని మీరు లెక్కపెట్టుకోకూడదు. శనివారం సాయంత్రం పుస్తకాలు మార్చుకోవాలి. ఎదుటి జట్టు మీ ఫోటో, మీ రాత చూసి, ఒప్పుకుంటే సంతకం పెడుతుంది. ఒప్పుకోకపోతే ఎందుకో పక్కన రాస్తుంది. సంతకం లేని నమోదుకు పాయింటు లేదు. ఒకరి తప్పును న్యాయంగా పట్టుకున్న జట్టుకు ఒక పాయింటు అదనం. ఇది పెట్టిన వారానికే కొట్లాటలు పోయాయి. ఎదుటివాడు నమ్మేలా రాయాలంటే బాగా చూడాల్సి వచ్చింది. ఎదుటివాడి పుస్తకం చదువుతూ "అరే, మా కుండీలోకి రానిది వీళ్ల దగ్గరికి ఎట్ల వస్తోంది?" అని అడగడం మొదలైంది. అలా అడుగుతూ అడుగుతూ ఒకరి డాబా ఇంకొకరు ఎక్కారు.

ప్రపంచంలో పెద్ద పోటీలకూ ఇదే అనుభవం. 2016లో లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాలు ఎవరి ఊళ్లో ఎక్కువ ప్రాణులను నమోదు చేస్తారో చూద్దామని పంతం వేసుకున్నాయి. సిటీ నేచర్ ఛాలెంజ్ అలా పుట్టింది. రెండేళ్లకు అది దేశాలు దాటింది. 2020లో కరోనా వచ్చినప్పుడు నిర్వాహకులు ఇక ఈ ఏడాది గెలుపోటములు లేవు, ఎవరి ఇంటి దగ్గర వాళ్లు చూసి కలిసి రాద్దాం అన్నారు. అప్పుడూ జనం మానలేదు. ఆ నమోదులన్నీ ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో చేరతాయి. 2008లో బర్కిలీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది అది. అందులో కూడా మీరు పెట్టిన పేరును మీరే ఖాయం చేసుకోలేరు. చూసి పేరు చెప్పినవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి పైగా ఒప్పుకోవాలి. మన శనివారం సంతకం అదే పని చిన్నగా చేస్తుంది. యాప్‌లో ఎక్కించేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి: ఇంటి డాబా మీద తీసిన ఫోటో అయితే చోటును కచ్చితంగా చూపకుండా దాచే సదుపాయం ఉంది, దాన్ని వాడండి. మీ ఇల్లు ఎక్కడో లోకానికి తెలియనక్కర్లేదు. నోటుబుక్కులో మాత్రం చోటు పూర్తిగా రాయండి.

ఇంటి మాట వచ్చింది కాబట్టి, సందుల్లో మర్యాద గురించి ఆగి చెప్పాలి. పాతబస్తీలో ఇల్లూ వీధీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. కుండీ కిటికీ కిందే ఉంటుంది, కిటికీ లోపల ఆడవాళ్లుంటారు. కుండీ వైపు ఫోన్ ఎత్తితే చూసేవాళ్లకు కిటికీ వైపు ఎత్తినట్టే. ఓసారి ఒక ముసలమ్మ మా జట్టు అబ్బాయిని నిలదీసింది.

"ఎవలింట్ల ఫొటోలు దీస్తున్నవ్‌రా?"

"మీ నూరువరహాల మీద పురుగు ఉంది అమ్మమ్మా. దాన్ని తీస్తున్న. చూస్తవా?"

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని వీడియో రెండుసార్లు చూసింది. "గిదా? గిది రోజు వస్తది. పొద్దుగూకంగ నేను నీళ్లు వోసినంక వస్తది," అంది. అబ్బాయి సమయం, చోటు, మొక్క, ఆమె చెప్పిన మాట, అన్నీ రాసుకున్నాడు. వరసగా ఆరు సాయంత్రాలు ఆమె గడప దగ్గర నిలబడ్డాడు. ఐదు సాయంత్రాలు అది వచ్చింది. ఆ పేజీలో ఎదుటి జట్టు సంతకం కింద ఆమె వేలిముద్ర కూడా ఉంది. నియమం ఏమిటంటే: ముందు తలుపు తట్టాలి, పేరు చెప్పాలి, తీసింది చూపించాలి. ఉర్దూ మాట్లాడే ఇంటి ముందు "ఖాలా, ఏక్ ఫోటో లేలూఁ?" అని అడగడం అందరికీ వచ్చు. వద్దంటే వద్దు. దానికి పాయింట్లు పోవు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఆషాఢంలో. తొలకరి పడి గోడవార గడ్డి లేచాక పురుగులూ వాటిని వెతుక్కుంటూ వచ్చేవీ పెరుగుతాయి. మనకు అప్పుడే బోనాలు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచిన తర్వాత లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళికి ఈ బోనాల ఆనవాయితీ బలపడిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇంకోవైపు, 2012లో అమెరికాలోని న్యూజెర్సీలో కొందరు చిమ్మటల వారం మొదలుపెట్టారు, జులై చివరి వారంలో చాలా దేశాల్లో జరుగుతుంది. 2024లో ఆ వారం జులై 20 నుంచి 28 దాకా, లాల్‌దర్వాజా బోనాలు 28న. 2025లో ఆ వారం 19 నుంచి 27 దాకా, మన బోనాలు 20న. వరసగా రెండేళ్లు రెండూ కలిశాయి. ఎవరూ అనుకుని పెట్టింది కాదు. జాతర ఆదివారం మాత్రం చూపు పెట్టుకోకండి. డప్పులు, జనం, వేపాకు, బోనం ఎత్తిన ఆడబిడ్డలు: ఆ రోజు అమ్మవారిది. ముందు వారం నుంచి మొదలుపెట్టి, తర్వాతి రెండు వారాలు కొనసాగించండి. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి పొద్దుగూకే దాకా మంచి సమయం. నడినెత్తి ఎండలో అవీ ఉండవు, మీరూ ఉండకూడదు.

తేదీ ఎందుకంత పట్టింపు అని పిల్లలు అడుగుతారు. నేను వాళ్లకు మాంచెస్టర్ కథ చెబుతాను. ఇంగ్లండులో ఒక చిమ్మట ఉంది, తెల్లటి రెక్కల మీద మిరియప్పొడి చల్లినట్టు ఉంటుంది. 1848లో మాంచెస్టర్ దగ్గర ఆ రకంలో నల్లటిది ఒకటి దొరికింది. ఎడిల్‌స్టన్ అనే ఆయన దాన్ని నమోదు చేశాడు. అప్పటికి అదొక వింత. బొగ్గు పొగతో చెట్ల బెరళ్లు నల్లబడ్డాయి, తెల్లవి పిట్టలకు తేలిగ్గా కనబడ్డాయి, నల్లవి బతికాయి. 1895 కల్లా మాంచెస్టర్‌లో నూటికి 98 నల్లవే. 1956లో వచ్చిన గాలి శుభ్రత చట్టం తర్వాత పొగ తగ్గుతూ వస్తే తెల్లవి మళ్లీ పెరిగాయి. పరిణామాన్ని మనిషి తన కళ్లతో చూసిన ఉదాహరణగా నేడు బడి పుస్తకాల్లో ఉన్న సంగతి ఇది. దాని వెనక ఉన్నవి ఏటేటా తేదీ వేసి రాసిన వరుసలు. మొదటి వరుస రాసినప్పుడు ఎవరికీ దాని విలువ తెలియదు.

మన దేశానికీ పాత జాబితాలు ఉన్నాయి. నీలగిరుల్లో టీ తోటల్లో పనిచేసిన జార్జి హాంప్సన్ 1892 నుంచి 1896 మధ్య భారతదేశపు చిమ్మటల మీద నాలుగు పెద్ద సంపుటాలు వెలువరించాడు. 1937లో బెల్, స్కాట్ కలిసి హాక్ చిమ్మటల మీద ఒక సంపుటం రాశారు, వాటి గొంగళి పురుగులు ఏ మొక్క తింటాయో పెంచి చూసి మరీ రాశారు. ప్రపంచం మొత్తం మీద పేరు పెట్టిన చిమ్మటలు సుమారు 1,60,000 రకాలు, సీతాకోకచిలుకలు 18,000 దాకా. అందరి కళ్లూ ఆ 18,000 మీదే. అంటే మీ డాబా మీద మీరు రాసే వరుసకు పోటీదారులు తక్కువ, అవసరం ఎక్కువ.

నా దగ్గర చాలా ఏళ్ల కిందటి ఒక కాగితం ఉంది. "నూరువరహాల మీద పెద్దది, అద్దం రెక్కలు, చాలా బాగుంది" అని నా రాతే. తేదీ లేదు, ఏ ఇంటి నూరువరహాలో లేదు. ఆ ఇల్లు ఇప్పుడు పడగొట్టారా, ఆ మొక్క ఉందా, అది ఏ నెల, ఏదీ చెప్పలేను. నేను నిజంగానే చూశాను, అయినా ఆ కాగితం మీద మా సందులో ఏ పిల్లా సంతకం పెట్టదు. పెట్టకూడదు కూడా.

అందుకే ఈ ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ఒక నోటుబుక్కు, ఒక పెన్ను పట్టుకుని మీ ఇంట్లో చిన్నవాళ్లను వెంటబెట్టుకుని డాబా ఎక్కండి. ఎదురు డాబా మీద ఎవరున్నారో పిలవండి. పుస్తకంలో మొదటి పేజీ మొదటి వరుసలో, పురుగు కనబడకముందే, తేదీ రాయండి.